పౌర్ణమి చంద్రుడు భూమి తోకలో ఉంటాడు: గ్రహాల అయస్కాంత తోకలను అంకెల్లోంచి చదవడం ఎలా?

కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున మా గంజాం జిల్లాలో చెరువు గట్లు, నదుల రేవులు, సముద్రపు ఒడ్డు జనంతో నిండిపోతాయి. ఒడియా కుటుంబాలు బొయిత బందాణ పేరుతో చిన్న పడవలు వదులుతాయి, తెలుగు కుటుంబాలు అరటి దొప్పల్లో దీపాలు వదులుతాయి. ఆ వేళ పడమట దిగుతున్న నిండు చంద్రుడు భూమి అయస్కాంత తోక లోపల ఉంటాడు. సూర్యుడికి ఎదురుగా, భూమి వెనకవైపు లక్షల కిలోమీటర్లు సాగిన తోక అది. ప్రతి పౌర్ణమికీ అటూ ఇటూ కలిపి నాలుగు నుంచి ఆరు రోజులు చంద్రుడు అందులోనే నడుస్తాడు. 2019లో చంద్రయాన్-2లోని క్లాస్ అనే ఎక్స్-కిరణ పరికరం అక్కడి ఆవేశిత కణాల తాకిడిని నమోదు చేసింది. అంతకు రెండేళ్ల ముందు జపాన్ శాస్త్రజ్ఞులు చంద్రుడి చుట్టూ తిరిగిన తమ కగుయా నౌక పంపిన దత్తాంశం (కొలతల సమాచారం) నుంచి ఇంకో సంగతి బయటపెట్టారు. మన వాతావరణం నుంచి జారిపోయిన ఆక్సిజన్ అయాన్లు ఆ తోక గుండా చంద్రుడి దాకా చేరుతున్నాయి.

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, కొరాపుట్‌లలో ఫిజిక్స్ చదివే తెలుగు పిల్లల చదువు ఎక్కువగా ఒడియాలోనో ఇంగ్లీషులోనో సాగుతుంది. ఇంట్లో మాట్లాడుకునే భాషలో ఈ విషయాన్ని లోతుగా చెప్పే వ్యాసాలు అరుదు. వాళ్లను తలచుకునే ఇది రాస్తున్నాను. అయస్కాంత తోక మామూలు కెమెరాకు కనబడదు. దాని గురించి మనకు తెలిసినదాంట్లో అత్యధిక భాగం, ఒక వ్యోమనౌక తన దారి వెంబడి కొలుచుకుంటూ పోయిన అంకెల నుంచే వచ్చింది. ఒక సన్నని గీత వెంట కొలిచిన అంకెల్లోంచి లక్షల కిలోమీటర్ల ఆకారాన్నీ దాని కదలికనూ ఎలా రాబడతారన్నదే నన్ను ఎన్నేళ్లుగానో పట్టి ఉంచిన ప్రశ్న.

ముందు తోక ఎలా ఏర్పడుతుందో చూద్దాం. సూర్యుడి నుంచి ఆవేశిత కణాలు ఎడతెగకుండా వస్తుంటాయి. ఇదే సౌర పవనం. సగటున సెకనుకు 400 కిలోమీటర్ల వేగం దానిది. భూమి అయస్కాంత క్షేత్రం దానికి అడ్డు నిలుస్తుంది. సూర్యుడి వైపు ఆ క్షేత్రం నొక్కుకుపోయి, భూకేంద్రం నుంచి సుమారు 65,000 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఇది భూమి వ్యాసార్ధానికి దాదాపు 10 రెట్లు. చీకటి వైపు మాత్రం అదే క్షేత్రం వెనక్కి సాగుతూ పోతుంది. జపాన్, అమెరికా కలిసి 1992లో పంపిన జియోటెయిల్ నౌక భూమి వ్యాసార్ధానికి 210 రెట్ల దూరం, అంటే 13 లక్షల కిలోమీటర్ల పైచిలుకు వెళ్లి కొలిచింది. అక్కడా తోక ఉంది.

దీన్ని మొదట స్పష్టంగా గుర్తించింది నార్మన్ నెస్. 1963 నవంబరులో ఎగిరిన ఇంప్-1 ఉపగ్రహం అంకెలను పరిశీలించి, 1965లో ఆయన తోక లోపలి అమరికను వివరించారు. ఉత్తర సగంలో బలరేఖలు, అంటే క్షేత్రం దిశను చూపే గీతలు, భూమి వైపు చూస్తాయి, దక్షిణ సగంలో భూమికి దూరంగా చూస్తాయి. ఈ రెండు సగాలను తమ్మెలు అందాం. వాటి మధ్య పలుచని పొర ఒకటి ఉంటుంది. అక్కడ క్షేత్రం దాదాపు సున్నాకు పడిపోయి దిశ మార్చుకుంటుంది. ఆ పొర చుట్టూ వేడి ప్లాస్మా, అంటే ఆవేశిత కణాల వాయువు, పలకలా పరుచుకొని ఉంటుంది, దాని గుండా విద్యుత్ ప్రవాహం తోకకు అడ్డంగా పారుతుంది. ఎదురెదురు దిశల్లో ఉన్న రెండు క్షేత్రాలు పక్కపక్కనే నిలవాలంటే మధ్యలో విద్యుత్ ప్రవాహం ఉండి తీరాలి. డిగ్రీ రెండో ఏడు చదివే విద్యార్థికి కూడా తెలిసిన ఆంపియర్ సూత్రమే ఇది.

ఈ తోక నిశ్చలంగా ఉండదు. 1961లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జేమ్స్ డంజీ ఒక చక్రాన్ని ప్రతిపాదించారు. సౌర పవనం మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణ ముఖంగా ఉన్నప్పుడు, అది పగటి వైపు భూమి బలరేఖలతో తెగి అతుక్కుంటుంది. ఇదే పునస్సంధానం. అలా అతుక్కున్న రేఖలను సౌర పవనం ధ్రువాల మీదుగా ఈడ్చుకుపోయి తోక తమ్మెల్లో పేరుస్తుంది. తమ్మెలు ఉబ్బి మధ్య పొరను నొక్కుతాయి. పొర పలచబడి పలచబడి, చివరికి అక్కడా పునస్సంధానం మొదలవుతుంది. పేరుకున్న శక్తి ఒక్కసారిగా విడుదలవుతుంది. కొంత ప్లాస్మా భూమి వైపు దూసుకొస్తుంది, మిగతాది ముద్దగా తెగి అంతరిక్షంలోకి పోతుంది. ఆ ముద్దను ప్లాస్మాయిడ్ అంటారు. ఈ మొత్తం ఘటనే అయస్కాంత ఉపతుఫాను. ఒక పెద్ద ఉపతుఫానులో విడుదలయ్యే శక్తిని 10 పక్కన మరో 14 సున్నాలు పెట్టినన్ని జౌళ్లని స్థూలంగా లెక్కవేస్తారు. ఆంధ్ర-ఒడిశా సరిహద్దులోని మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం తన 120 మెగావాట్ల సామర్థ్యంతో రాత్రింబవళ్లు ఆగకుండా నడిచినా అంత శక్తిని ఇవ్వడానికి మూడు నెలలు పడుతుంది.

ఉపతుఫాను అనగానే ఉత్తర ధ్రువంలో మెరిసే రంగుల కాంతులే గుర్తుకొస్తాయి. మన అక్షాంశాల్లో అవి కనబడవు గనుక మనకు సంబంధం లేదనుకుంటాం. కానీ రాయగడ జిల్లాలో రేకుల ఇంటి మీద ఉన్న డిష్ యాంటెన్నాకు తెలుగు ఛానెళ్లను అందించే ఉపగ్రహం భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. తోక నుంచి భూమి వైపు దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు చేరే చోట్లలో ఆ కక్ష్య ఒకటి. 2010 ఏప్రిల్‌లో గెలాక్సీ 15 అనే ప్రసార ఉపగ్రహం అలాంటి అయస్కాంత అలజడి వేళే అదుపు తప్పింది. మళ్లీ చేతికి చిక్కింది ఆ ఏడాది డిసెంబరులో.

ఇక దత్తాంశం సంగతి. వ్యోమనౌక మీద అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటరును పొడవైన కడ్డీ చివర బిగిస్తారు. లేకపోతే నౌక తన సొంత తీగల్లో పారే విద్యుత్తు పుట్టించే క్షేత్రాన్నే కొలుస్తుంది. మనం నిలబడిన నేల మీద భూమి క్షేత్రం 40,000 నానోటెస్లాలకు పైనే (నానోటెస్లా క్షేత్ర బలాన్ని కొలిచే చిన్న ప్రమాణం). తోక తమ్మెల్లో అది ఇరవై, ముప్పై మాత్రమే. ఆ చిన్న అంకెను మూడు భాగాలుగా రాస్తారు. సూర్యుడి దిశలో ఉన్నది ఎక్స్ భాగం, అడ్డంగా ఉన్నది వై భాగం, ఉత్తరంగా ఉన్నది జెడ్ భాగం. వీటి పక్కన ప్లాస్మా వేగం, సాంద్రత, ఉష్ణోగ్రత ఉంటాయి. అంతే. కంప్యూటర్ తెర మీద చూసేది ఈ నిలువు వరుసలనే.

ఊరికే ఒక నమూనాగా ఇలా ఊహించండి. నౌక భూమి వెనక 20 వ్యాసార్ధాల దూరంలో ఉంది. ఎక్స్ భాగం +25 దగ్గర నిలకడగా ఉంది, ప్లాస్మా సాంద్రత ఘన సెంటీమీటరుకు ఒక కణంలో వందో వంతు. అంటే మనం ఉత్తర తమ్మెలో ఉన్నాం. కాసేపటికి ఎక్స్ భాగం పడిపోయి సున్నా చుట్టూ ఊగుతోంది, సాంద్రత పదింతలు పెరిగింది, ఉష్ణోగ్రత కోట్ల డిగ్రీలకు చేరింది. ప్లాస్మా పలకలోకి వచ్చేశాం. ఇప్పుడు వేగం అకస్మాత్తుగా తోక చివరి వైపు సెకనుకు 500 కిలోమీటర్లకు పెరిగింది, జెడ్ భాగం ముందు ఉత్తరానికి లేచి వెంటనే దక్షిణానికి దిగింది. ఒక ప్లాస్మాయిడ్ మన మీదుగా వెళ్లింది. కాబట్టి పునస్సంధానం జరుగుతున్న చోటు మనకూ భూమికీ మధ్య ఉంది. మరికొన్ని నిమిషాలకు వేగం భూమి వైపు తిరిగింది, జెడ్ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి మారింది. అంటే ఆ చోటే మనల్ని దాటుకొని తోక చివరి వైపు వెళ్లిపోయింది. మూడు నాలుగు వరుసల అంకెలు ఇంత చెబుతాయి.

చెప్పనిది కూడా ఉంది, అసలు చిక్కు అక్కడే. ఎక్స్ భాగం ప్లస్ నుంచి మైనస్‌కు మారిందంటే మధ్య పొర నౌకను దాటింది. సరే. కానీ నౌక కదిలి దాటిందా, పొర ఊగి నౌక మీదుగా పోయిందా? పొర మందంగా ఉండి వేగంగా కదిలిందా, పలచగా ఉండి మెల్లగా కదిలిందా? ఒక్క నౌక అంకెల్లో ఇవన్నీ ఒకేలా కనబడతాయి. గోపాల్‌పూర్ నుంచి రాత్రి వేటకు వెళ్లే తెలుగు మత్స్యకారులకు ఈ ఇబ్బంది చెప్పనక్కర్లేదు. చీకట్లో ఒక పడవలో కూర్చున్నవాడికి పడవ లేచి దిగడమే తెలుస్తుంది. అల ఎటు నుంచి ఎంత జోరుగా వస్తోందో తేల్చాలంటే, చుట్టూ ఉన్న పడవల దీపాలు ఏ వరుసలో లేచాయో చూడాలి.

ఒకే నౌక ఉన్న రోజుల్లోనూ శాస్త్రజ్ఞులు చేతులు కట్టుకు కూర్చోలేదు. 1967లో సోనెరప్, కాహిల్ ప్రచురించిన పద్ధతి నాకు చాలా ఇష్టం. అయస్కాంత క్షేత్రానికి ఎక్కడా మొదలూ చివరా ఉండదు. అందువల్ల ఒక పలుచని పొరను దాటేటప్పుడు, పొరకు లంబంగా ఉన్న క్షేత్ర భాగం మారకూడదు, మిగిలిన రెండు భాగాలు ఎంతైనా మారవచ్చు. కాబట్టి దాటిన కొద్ది క్షణాల అంకెలను తీసుకొని, ఏ దిశలో హెచ్చుతగ్గులు అన్నిటికన్నా తక్కువో వెతికితే పొర ఎటు వాలి ఉందో తెలిసిపోతుంది. మాక్స్‌వెల్ సమీకరణాల్లో అతి చిన్నదానితో అంత పెద్ద పొర వాలు చెప్పగలగడం మామూలు విషయం కాదు. అయితే ఇది వాలు మాత్రమే చెబుతుంది, వేగం చెప్పదు.

వేగం కోసం నాలుగు నౌకలు కావాలి. ఎందుకు నాలుగే? పొర ఒక్కొక్క నౌకను దాటిన క్షణాలను రాసుకుంటే, మొదటి నౌకతో పోల్చి మూడు కాలవ్యత్యాసాలు వస్తాయి. తెలుసుకోవాల్సినవీ మూడే. దిశ చెప్పడానికి రెండు కోణాలు, ఒక వేగం. లెక్క సరిపోయింది. నాలుగూ ఒకే తలంలో ఉంటే మాత్రం ఈ లెక్క కుప్పకూలుతుంది, అందుకే వాటిని చతుర్ముఖి (నాలుగు త్రిభుజాల ముఖాలున్న ఘనం) ఆకారంలో నడిపిస్తారు. ఐరోపా అంతరిక్ష సంస్థ ఈ ఆలోచనతో నిర్మించిన మొదటి నాలుగు క్లస్టర్ నౌకలు 1996 జూన్ 4న ఏరియన్-5 రాకెట్ పేలుడులో బూడిదయ్యాయి. పట్టు వదలక మళ్లీ తయారుచేసి 2000లో పంపారు. తోకలోని మధ్య పొర ఊపులు నడిమధ్య నుంచి రెండు పక్కలకూ పాకుతాయని ఆ నాలుగింటి కాలవ్యత్యాసాలే చూపాయి. నాలుగు చోట్ల క్షేత్రం తెలిస్తే అది చోటును బట్టి ఎలా మారుతోందో తెలుస్తుంది, దాన్నుంచి విద్యుత్ ప్రవాహాన్ని నేరుగా లెక్కకట్టవచ్చు. ఒక్క నౌకతో అది ఊహగానమే అయ్యేది.

ఇంకో ప్రశ్న మీద దశాబ్దాల పాటు వాదన నడిచింది. ఉపతుఫాను ఎక్కడ మొదలవుతుంది? భూమికి 10 వ్యాసార్ధాల దగ్గర విద్యుత్ ప్రవాహం తెగడం ముందా, 20 వ్యాసార్ధాల అవతల పునస్సంధానం ముందా? ఇది తేలాలంటే నౌకలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే సరిపోదు, తోక పొడవునా వరుసగా ఉండాలి. నాసా 2007 ఫిబ్రవరిలో థెమిస్ పేరుతో అయిదు నౌకలు పంపింది. నాలుగు రోజులకోసారి అవి తోక వెంబడి వరుసలోకి వచ్చేలా కక్ష్యలు కుదిర్చారు. కెనడా, అలాస్కాల్లో నేల మీద కెమెరాలు పెట్టి ధ్రువకాంతులను చూశారు. 2008 ఫిబ్రవరి 26న కావలసిన ఘటన చిక్కింది. దూరాన ఉన్న రెండు నౌకల మధ్య పునస్సంధానం మొదలైన 96 సెకన్లకు ధ్రువకాంతి భగ్గుమంది. పునస్సంధానమే ముందని అప్పట్లో ఆ బృందం ప్రకటించింది. కాల నిర్ణయం మీద వెంటనే అభ్యంతరాలు వచ్చాయి. వాదన నేటికీ పూర్తిగా చల్లారలేదు. నా ఉద్దేశంలో అది ఆ పరిశోధనకు లోటు కాదు. 96 సెకన్ల తేడా మీద వాదించుకోగలిగేంత స్పష్టమైన అంకెలు అంతకుముందు లేనే లేవు.

2015 మార్చిలో ఎగిరిన ఎంఎంఎస్ నాలుగు నౌకలు ఇంకా దగ్గరికి చేరాయి. బలరేఖలు తెగి అతుక్కునే కేంద్రం చిన్నది, క్షణాల్లో నౌకను దాటిపోతుంది. పాత నౌకలు తమ చుట్టూ తాము ఒకసారి తిరిగేసరికి, అంటే మూడు నాలుగు సెకన్లకు గానీ అన్ని దిశల కణాలనూ లెక్కపెట్టలేకపోయేవి. ఎంఎంఎస్ మీద చుట్టూరా పలు గ్రాహకాలు అమర్చి, 30 మిల్లీసెకన్లకోసారి ఎలక్ట్రాన్లను పూర్తిగా లెక్కపెట్టేలా చేశారు. 2017 జులై 11న తోకలో అలాంటి కేంద్రం గుండా అవి సాగాయి. ఇక్కడ ఓ సంగతి చెప్పాలి. ఆ నౌకలు రాసుకునే దత్తాంశం మొత్తం భూమికి పంపడం అసాధ్యం. అందుకని ముందు తక్కువ వివరాల అంకెలు పంపుతాయి. విధుల్లో ఉన్న శాస్త్రజ్ఞుడు ఆ గీతలు చూసి ఏ నిమిషాలు ముఖ్యమో గుర్తు పెడతాడు, వాటి పూర్తి వివరాలు ఆ తర్వాత దిగుతాయి. అంకెలను చూడగానే పోల్చుకునే మనిషి కన్ను ఇప్పటికీ అక్కరకొస్తోంది.

ఇతర గ్రహాలకు వెళ్తే ఇదే కథ కొలతలు మార్చుకుంటుంది. బుధుడి క్షేత్రం మన క్షేత్రంలో నూరో వంతు. అక్కడ తోక నిండి ఖాళీ కావడానికి రెండు మూడు నిమిషాలు చాలని మెసెంజర్ నౌక చూపింది. భూమి మీద ఇదే పనికి గంట, అంతకంటే ఎక్కువ పడుతుంది. బయట సౌర పవనం ఎలా ఉందో చెప్పే రెండో నౌక లేకపోవడం మెసెంజర్‌కు పెద్ద లోపం. 2018లో బయలుదేరిన బెపికొలంబో జంట నౌకలు అందుకే. శుక్రుడికీ అంగారకుడికీ సొంత ప్రపంచవ్యాప్త క్షేత్రం లేదు, సౌర పవనపు రేఖలే వాటి చుట్టూ వేలాడి తోకగా మారతాయి. గురుడిది పూర్తిగా వేరే లోకం. ఐయో ఉపగ్రహపు అగ్నిపర్వతాలు సెకనుకు సుమారు టన్ను పదార్థాన్ని దాని అయస్కాంతావరణంలో, అంటే గ్రహం క్షేత్రం ఏలే ప్రాంతంలో, కలుపుతాయి. పది గంటల లోపే ఒక చుట్టు తిరిగే గ్రహం ఆ భారాన్ని విసిరివేస్తూ తోకను తెంపుతుంది. సౌర పవనం పాత్ర అక్కడ చిన్నది. ఆ తోక శని కక్ష్య దాకా సాగుతుందని 1981లో శని వైపు వెళ్తున్న వాయేజర్-2 దారిలోనే గమనించింది.

నన్ను అన్నిటికన్నా కదిలించేది యురేనస్ ఉదంతం. 1986 జనవరిలో వాయేజర్-2 దాని పక్కగా వెళ్లింది. ఆ తర్వాత ఏ నౌకా అక్కడికి వెళ్లలేదు. ఆ గ్రహం పక్కకు పడి దొర్లుతున్నట్లు తిరుగుతుంది, అయస్కాంత అక్షం దాని భ్రమణాక్షానికి మళ్లీ 59 డిగ్రీలు వంగి ఉంటుంది. అందువల్ల తోక మెలికలు పడుతుంది. 2019లో గినా డిబ్రాచియో, డేనియల్ గెర్ష్‌మన్ ఆ పాత దత్తాంశాన్నే ప్రతి 1.92 సెకన్లకు ఒక బిందువు చొప్పున మళ్లీ గీశారు. సగటులు తీసినప్పుడు నునుపైపోయిన గీతలో ఇప్పుడు ఒక చిన్న వంకర కనబడింది. దాని నిడివి 60 సెకన్లు, అంటే 30 పైచిలుకు బిందువులు. భూమి తోకలో చూసి చూసి అలవాటైన ఆకారమే అది. ఒక ప్లాస్మాయిడ్. పొడవు కనీసం 2 లక్షల కిలోమీటర్లు ఉంటుందని లెక్కకట్టారు. యురేనస్ వాతావరణం కోల్పోయే ద్రవ్యంలో 15 నుంచి 55 శాతం ఇలాంటి ముద్దల ద్వారానే పోతుండవచ్చని వారి అంచనా. 33 ఏళ్లు ఆ అంకెలు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి.

ఆ అంచనాను ఎంతవరకు నమ్మాలి? 2024లో మరో బృందం అదే దత్తాంశాన్ని తిరగేసి, వాయేజర్ చేరడానికి కొద్ది రోజుల ముందే సౌర పవనం ఆ అయస్కాంతావరణాన్ని బలంగా నొక్కిందని చూపింది. అలాంటి పరిస్థితి 4 శాతం సమయంలోనే ఉంటుందట. ఒక గ్రహం గురించి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన మాట, అరుదైన ఒక వారం మీద ఆధారపడిందన్నమాట. ఒక్క నౌక, ఒక్క దారి, ఒక్క వారం: అంకెలు ఎంత కచ్చితమైనవైనా ఈ పరిమితిని పక్కనే రాసుకోవాలి.

మన విద్యార్థులకు ఇందులో చోటుందా అంటే, ఉంది. నాసా వారి సీడీఏవెబ్ అనే వెబ్‌సైట్‌లో జియోటెయిల్, థెమిస్, ఎంఎంఎస్ దత్తాంశం ఉచితం. సౌర పవనాన్ని భూమికి 15 లక్షల కిలోమీటర్ల ముందు నుంచే కొలుస్తున్న మన ఆదిత్య-ఎల్1 దత్తాంశం ఇస్రో వారి ప్రదాన్ పోర్టల్‌లో దొరుకుతుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చినవారికి పైస్పెడాస్ అనే ఉచిత లైబ్రరీ పని తేలిక చేస్తుంది. మామూలు ల్యాప్‌టాప్ చాలు.

మొదలుపెట్టేవారికి 2008 ఫిబ్రవరి 26నే సూచిస్తాను. థెమిస్‌లో భూమికి అత్యంత దూరంగా ఉన్న రెండు నౌకలను ఎంచుకోండి. ముందు ఎక్స్ భాగాన్ని మాత్రమే గీసి, ఒక్కొక్క నౌక తమ్మెలో ఉందో పలకలో ఉందో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాతే జెడ్ భాగం, వేగం పక్కపక్కన గీయండి. మన కాలమానం ప్రకారం ఉదయం 10 గంటల 20 నిమిషాల ప్రాంతంలో రెండు నౌకల గీతలూ ఎదురెదురు దిశలకు తిరుగుతాయి. ఎవరు ముందు తిరిగారో, ఎన్ని సెకన్ల తేడాతో తిరిగారో మీరే కొలవండి.